ఒడిలో పడ్డ బోడి పుల్లలు

విరుదునగర్‌లో నూనె పరోటా తినేటప్పుడు ఎవరూ టీవీ చూడరు, చూపంతా ఆకు మీదే ఉంటుంది. ఆ సాయంత్రం నేను మాత్రం ముక్క చేత పట్టుకుని టీవీ వైపు చూస్తూ ఉండిపోయాను. ఎక్కడో సముద్రాలకు అవతల ఒక దేశం. చుట్టుపక్కల దేశాలతో కట్టుకున్న కూటమిలో ఉండాలా, విడిచి వెళ్ళాలా అని ఆ దేశమంతా ఓటు వేసిందట. వెళ్ళాలన్నవాళ్ళు గెలిచారు. ఏళ్ళు గడిచాయి గానీ గొడవ ఇంకా తీరలేదు. ఒక తండ్రి, ఒక కొడుకు ఒకే సోఫాకు రెండు కొసల్లో కూర్చుని ఉన్నారు. ఆ ఓటు నాటి నుంచి వాళ్ళ మధ్య మాటల్లేవని తమిళంలో వార్తలు చదివే అమ్మాయి చెప్పింది.

నా ఎదురుగా మా ఊరి ఎరువుల కొట్టు మామ కూర్చున్నాడు. మామ అంటే చుట్టం కాదు, ఊరి వరస. మిరపకాయల ధర కనుక్కోవడానికి ఆయన, కాగితం రీములు కొనడానికి నేను, కోవిల్‌పట్టిలో ఒకే బస్సు ఎక్కి వచ్చాం. ఆయన కూడా టీవీ చూశాడు. పరోటా మీద సాల్నా పులుసు పోసుకుంటూ అన్నాడు.

"మన ఊరి కతే. ఆడ కూడా ఎవుతో ఒక ముసల్ది పుల్లలు ఒళ్ళో దాచింటాది."

ఆయన అంటున్నది ఎవరినో నాకు తెలుసు. ఆమె పోయి ఇంకా ఏడాది కాలేదు. మట్టిలో కలిసిన మనిషిని పరోటాలోకి నంజుకుంటున్నాడు. కోపం వచ్చింది. ఆయన మీద కంటే నా మీద ఎక్కువ వచ్చింది. వెంటనే నోరు తెరవలేకపోయాను. ఎందుకో తెలియాలంటే ముందు ఆమె ఎవరో మీకు తెలియాలి.

పేరు రాయను. పేరు పెట్టి పిలిస్తే పలికే మనిషి కాదు. పేరుతో నీకేం పని, వరస లేదా అనేది. మా వీధి పిల్లలందరికీ పెద్దమ్మ, నాకూ పెద్దమ్మే. నేను కోవిల్‌పట్టి తాలూకా ఆఫీసు ఎదుట జిరాక్సు కొట్టు పెట్టుకుని అర్జీలు రాసిస్తుంటాను. ఇన్నేళ్ళూ రాసిందంతా తమిళమే. తెలుగు మా ఇళ్ళలో నాలుక మీద ఉంటుంది గానీ కాగితం మీద ఉండదు; అక్షరాలు నేను పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను. ఆమె గురించి మాత్రం తెలుగులోనే రాయాలి. నన్ను తిట్టిందంతా తెలుగులోనే.

ఆమెను తలుచుకుంటే మొదట గుర్తొచ్చేది ముఖం కాదు, చేతులు. అగ్గిపెట్టెల కంపెనీలో ముప్పై ఏళ్ళకు పైగా డబ్బీలు నింపిన చేతులవి. ఎడమచేత్తో ఖాళీ డబ్బీ తెరిచి కుడిచేత్తో పిడికెడు పుల్లలు తీస్తే అవి డబ్బీకి సరిగ్గా సరిపోయేవి. లెక్కపెట్టేది కాదు. మాట్లాడుతూ, తిడుతూ, నవ్వుతూ నింపేది. పిడికెట్లో మందు అంటని పుల్ల ఒకటి వస్తే బొటనవేలు దాన్ని పట్టుకుని, నడుముకు దోపి కట్టుకున్న చీర ఒడిలోకి విసిరేసేది. అలాంటి దాన్ని మేం బోడి పుల్ల అంటాం. కన్ను అటు తిరిగేది కాదు, మాట ఆగేది కాదు. సాయంత్రం లేచి చీర దులిపితే బోడి పుల్లలు జలజలా రాలేవి. వాటిని ఏరి డబ్బాలో పోసి ఇంటికి వచ్చేది. కంపెనీకి వెళ్ళే మా వీధి ఆడవాళ్ళందరూ అలాగే చేసేవాళ్ళు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నది కాబట్టి మేమెవ్వరం దాన్ని ఒక పనిగా చూసి ఎరగం.

ఆ చేతులకు సెలవు లేదు. చర్చిలో మోకాళ్ళ మీద కళ్ళు మూసుకుని ఉన్నప్పుడు కూడా వేళ్ళు ఏదో ఏరుతూ ఉండేవి. ప్రార్థనలోనైనా చేతులు ఊరికే పెట్టుకోమ్మా అని పాస్టరు ఒకసారి అడిగాడు. నా మాట వినవు సామీ, నువ్వే చెప్పి చూడు అంది. ఆయన నవ్వి వదిలేశాడు.

ఇంట్లో పొయ్యి వెలిగించేటప్పుడు పుల్ల ఒక్కసారి గీస్తే అంటుకోవాలి. అంటుకోకపోతే పారెయ్యదు. కొంగున ముడి వేసుకుని మర్నాడు కంపెనీ ముదలాళి బల్ల మీద పెట్టేది. ముదలాళి అంటే యజమాని. ఆయన ఇంకో డబ్బీ తీసి ఇవ్వబోతే, డబ్బీ ఎవరికి కావాలి, మందు సరిగ్గా కలపమను అనేది. కొన్నాళ్ళకు ఆమె రావడం చూస్తూనే ఆయన ఫోను చెవికి ఆనించుకోవడం మొదలుపెట్టాడు. ఈమె ఆ ఫోను అయ్యేదాకా ఎదురుగా నిలబడేది. కూలికి పనిచేసే ఆడమనిషి యజమాని ముందు అలా నిలబడటం మా వాళ్ళు ఎరగని సంగతి.

మా ఊరి దగ్గర ఆగని బస్సులను కూడా ఆమె ఊరుకునేది కాదు. టిఫిన్ కారియర్ పట్టుకుని రోడ్డు నడిమధ్యకు వెళ్ళి నిలబడేది. బ్రేకు కొట్టిన డ్రైవరు చావాలని ఉందా అని తమిళంలో అరిస్తే, చచ్చేదానికి నీ బస్సే కావాలా, తలుపు తెరువు అని తమిళంలోనే చెప్పి ఎక్కేది. ఎక్కాక తెలుగులో ఇంకో రెండు తగిలించేది. కండక్టరుకు తెలుగు రాకపోయినా భావం అందేది. పనికిమాలిన మగవాళ్ళకు ఆమె పెట్టిన పేరు కూడా బోడి పుల్లే. ఎంత గీసినా వెలగడు వీడు అనేది. ఆ పేరు నాకు చిన్నప్పుడే వచ్చింది.

ఇంకొకటి చెప్పాలి. కొంగు ముడిలో ఎప్పుడూ ఒక పల్లీల మిఠాయి చెక్క ఉండేది. కోవిల్‌పట్టి కడలైమిట్టాయి, కాస్త నమిలితే దవడ కదిలిపోయే రకం. ఎవరికైనా ఇవ్వాలనుకుంటే పళ్ళతో కొరికి రెండు ముక్కలు చేసేది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్దది ఇచ్చిందంటే ఆమె దృష్టిలో మీరు మంచివాళ్ళు. చిన్నది ఇచ్చిందంటే ఏదో తప్పు చేశారన్నమాట. ఏం తప్పో చెప్పదు. ఆ చిన్న ముక్క నోట్లో వేసుకుని మనమే ఆలోచించుకోవాలి. ఊళ్ళో చదువుకున్న మగవాళ్ళు కూడా ఆమె చేతిలో చిన్న ముక్క చూస్తే మాట మార్చేవాళ్ళు.

తరువాత కంపెనీలోకి మెషిన్లు వచ్చాయి. చేతులతో డబ్బీలు నింపే పని తగ్గింది. ఆమెకు, ఆమెతోపాటు ఒకే ఇంట్లో ఉండే చెల్లెలికి, మొగుళ్ళు లేని ఆ ఇద్దరికీ నూరునాళ్ళ పనే దిక్కయింది. ప్రభుత్వం పల్లెల్లో ఏడాదికి నూరు రోజులు ఇచ్చే పని అది. చెరువు పూడిక తియ్యడం, గట్లు వెయ్యడం. మా వీధిలో సగం పొయ్యిలు ఆ పని మీదే వెలిగేవి.

అప్పుడు వచ్చింది ఆ నోటీసు. మా ఊరు చుట్టుపక్కల పల్లెలతో కలిసి పంచాయతీ యూనియన్‌లో ఉండేది. పక్క టౌను పెరిగి పెరిగి మా పొలిమేర దాకా వచ్చింది. మీ ఊరిని యూనియన్ నుంచి తీసి టౌనులో కలపాలనుకుంటున్నాం, అభ్యంతరాలుంటే రాసి పంపండి అని ఆ కాగితం. ఊరు రెండుగా చీలడానికి అది చాలు. టౌనులో చేరితే తారు రోడ్డు వస్తుంది, కుళాయి వస్తుంది, స్థలాలకు విలువ వస్తుంది అని ఒక పక్షం. దానికి పెద్ద, మా ఎరువుల కొట్టు మామ. చేరితే నూరునాళ్ళ పని పోతుంది, ఇంటి పన్ను పెరుగుతుంది, యూనియన్‌లోనే ఉండాలి అని ఇంకో పక్షం. దానికి పెద్ద అంటూ ఎవరూ లేరు, ఆమె నోరే పెద్ద. ఇల్లిల్లూ తిరిగింది. ఎరువుల కొట్టు ముందు కూడా నిలబడి చెప్పింది. నేను ఆమె పక్షమే. మా ఇంట్లో కూడా నా భార్య ఆ పనికి వెళ్ళేది.

నెల తిరగక ముందే అన్నదమ్ములు పలకడం మానేశారు. ఒక నిశ్చితార్థం ఆగింది. ఇంత రచ్చ దేనికి, ఊరు ఓటు వేసి ఏది ఎక్కువైతే అదే అర్జీగా పంపుదాం అని అందరూ ఒప్పుకున్నారు. ఓటు ఎలా వెయ్యాలన్నదే చిక్కు. చెయ్యెత్తమంటే కూలివాళ్ళు పనిచ్చే ఆసామి ఎదుట ఎత్తలేరు. చీటీ రాయమంటే ముసలివాళ్ళకు రాదు, వచ్చినవాళ్ళ దస్తూరి అందరికీ తెలుసు. అప్పుడు ఆమే చెప్పింది, పుల్లలు ఉన్నాయి కదా అని. మనిషికి రెండు పుల్లలు ఇవ్వాలి, ఒకటి తల ఉన్నది, ఒకటి బోడిది. మూతికి గుడ్డ కట్టిన కుండలోకి చెయ్యి దూర్చి ఒకటి వెయ్యాలి, రెండోది పక్కనున్న గోనెసంచిలో పడెయ్యాలి. ఎవరు ఏది వేశారో దేవుడికి తప్ప తెలియదు. ఏ పుల్ల ఎవరిదో నాణెం ఎగరేసి తేల్చారు. తల ఉన్నది యూనియన్‌కు, బోడిది టౌనుకు వచ్చింది. మాకు బోడి పుల్లా అని మామ మొదట మూతి ముడుచుకున్నా, తల లేకపోయినా గెలుస్తాం లెండి అని నవ్వేశాడు.

ఏరి లెక్కపెట్టడానికి పక్షానికి ఇద్దరు చొప్పున నలుగురు ఆడవాళ్ళను పెట్టారు. నలుగురూ కంపెనీలో పనిచేసినవాళ్ళే. పుల్లల్లో చేతివాటం వాళ్ళకే ఉంటుంది. ఆమె ఎవరి పక్షమో ఊరంతటికీ తెలుసు, అయినా ఆమె ఉండాలని మామే అన్నాడు. ఆమె చెయ్యి మీద అందరికీ అంత నమ్మకం. బడి వరండాలో దుప్పటి పరిచి కుండ బోర్లించారు. నలుగురూ చుట్టూ కూర్చుని తల ఉన్నవి ఒకపక్క, బోడివి ఒకపక్క ఏరారు. మేమంతా రెండు కుప్పల వైపే చూస్తున్నాం. వాళ్ళ ఒళ్ళోకి ఎవరూ చూడలేదు. ఓటు వేసినవాళ్ళు మొత్తం ఎంతమందో రాసుకోవాలన్న బుద్ధి కూడా ఎవరికీ పుట్టలేదు. పుట్టాల్సింది నాకే, కాగితం పని చేసేవాణ్ణి. యూనియన్‌కు తొమ్మిది పుల్లలు ఎక్కువ వచ్చాయి. మా వీధి ఆడవాళ్ళు సంబరంగా నాలుక తిప్పి ఉలులు అని కులవ పెట్టారు. ఆమె లేచి రెండు చేతులూ పైకెత్తి ఆడింది. ఆమె చెల్లెలు ఆనందం పట్టలేక ఏడ్చింది. గోనెసంచిలో మిగిలిన పుల్లలను ఎవరికి వాళ్ళు పొయ్యికని పట్టుకుపోయారు.

మర్నాడు పొద్దున నేను కొట్టు తలుపు ఎత్తేసరికి ఆమె బయట నిలబడి ఉంది. మొదటి బస్సుకు వచ్చిందట. లోపలికి వచ్చి కొంగు ముడి విప్పి గాజు బల్ల మీద గుమ్మరించింది. అన్నీ బోడి పుల్లలే.

"పదకొండు," అంది. "ఒడి మడతల్లో ఇరుక్కునుండాయి, పొద్దున చీర విప్పి దులిపితే రాలె. మొదట్లో కన్ను చూసి ఏరినా. బిరబిరా ఏరేకొద్దీ చెయ్యే ఏరింది. బోడిదని ఒళ్ళోకి ఏసేసుండాది."

నాకు లెక్క చెప్పనక్కర్లేదు. తేడా తొమ్మిది, ఈమె ఒళ్ళో పదకొండు, అన్నీ టౌనువే. మిగతా ముగ్గురి ఒళ్ళో ఎన్ని పడ్డాయో తెలియదు. అర్జీ రాత్రే ఇంట్లో రాసి సంచిలో తెచ్చుకున్నాను, టైపు చేసి సంతకాలు చేయించి ఆ రోజే ఇవ్వాలి. కొత్త అర్జీ రాయి, ఈ లెక్క తప్పని రాయి అని ఆమె అడుగుతోంది. చెల్లెలి ముఖం, నా భార్య ముఖం, మా వీధి పొయ్యిలు అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. నేను బయటికి చూశాను. ఎవరూ లేరు. అప్పుడు నేనన్న మాట దాచకుండా రాస్తున్నాను.

"ఎవరూ చూడలేదు కదా పెద్దమ్మా. పొయ్యిలో ఏసేయ్. నీ నోటికీ నా నోటికీ తాళం."

ఆమె నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఒక్కొక్క పుల్లా ఏరి మళ్ళీ ముడి వేసుకుంది.

"నా చెయ్యి తప్పు చేసె. నోరు కూడా ఏంటికి చెయ్యాల?"

అని, అదే ముడిలోంచి మిఠాయి తీసి కొరికి, చిన్న ముక్క నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ ముక్క నేను తినలేకపోయాను. మర్నాడు కొట్టు తెరిచి చూస్తే చీమలు పట్టి ఉన్నాయి.

ఆమె బస్సు దిగి ఇంటికి వెళ్ళలేదట. నేరుగా బడి దగ్గరికి వెళ్ళి గంట కొట్టిందట. నేను సంగతి విని కొట్టు మూసి ఊరు చేరేసరికి వరండా నిండా జనం. ఆమె మధ్యలో నిలబడి పదకొండు పుల్లలూ దుప్పటి మీద పెట్టి, జరిగింది చెప్పేసింది. లెక్కలో కూర్చున్న మిగతా ముగ్గురినీ అడిగింది. ఒకామె, నా ఒళ్ళోనూ ఉన్నాయి, ఎన్నో చూడలేదు, పొద్దున పొయ్యిలో వేసేశాను అని ఏడ్చింది. మిగతా ఇద్దరూ తల వంచుకున్నారు. టౌను పక్షం వాళ్ళు, అయితే మేమే గెలిచాం అని అరిచారు. మా పక్షం వాళ్ళు, నీకెందుకే ఈ పెద్దరికం అని ఆమె మీద పడ్డారు. అందరికంటే పెద్దగా అరిచింది ఆమె చెల్లెలు.

ఆమె గొంతు పెంచలేదు. గెలుపు మీకూ లేదు, మాకూ లేదు అంది. రాత్రంతా నా ఇంట్లో ఉన్న పుల్లల్ని మీరెలా నమ్ముతారు, పొయ్యిలో కాలినవి ఎన్నో ఎవరికి తెలుసు, అందుకని మళ్ళీ వెయ్యండి, ఈసారి నేను కూర్చోను అంది. అప్పుడు మామ ముందుకు వచ్చాడు. పొద్దున ఆమె బస్సెక్కడం ఆయన చూశాడట.

"అది సరే. పుల్లలు కొంగున కట్టుకుని మొదటి బస్సుకు యాడికి పోయినావు? ఎవురికి చూపించినావు? ఏం మాట్లాడుకుని వచ్చినావు?"

జనం ఇంకాస్త దగ్గరికి జరిగారు. నేను వరండా మెట్టు దగ్గర నిలబడి ఉన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి చొక్కా మీదికి పోయింది. ఆమె నా వైపు చూస్తుందనుకున్నాను. చూడలేదు.

"మిట్టాయి కొనేదానికి పోయినా," అంది.

నవ్వారు. కొందరు ఉమ్మేశారు. ఆమె జీవితంలో నేను విన్న అబద్ధం అదొక్కటే, అది నా కోసం ఆడింది. నోరెందుకు తప్పు చెయ్యాలి అన్న మనిషి పూట తిరిగేలోగా నన్ను కాపాడటానికి నోటితో తప్పు చేసింది. నేను ఒక్క అడుగు ముందుకేసి, నా దగ్గరికి వచ్చింది, పొయ్యిలో వెయ్యమని చెప్పిన వెధవను నేను అంటే సరిపోయేది. కుక్కిన పేనులా ఉండిపోయాను. ఆ రోజు నుంచి ఊళ్ళో ఒక కథ పుట్టింది. పుల్లలు కావాలనే దాచింది, ఎవరితోనో బేరానికి పోయింది, బేరం తెగక వచ్చి నీతులు చెప్పింది అని. ఆ కథకు నా మౌనమే నీళ్ళు పోసి పెంచింది.

రెండో ఓటుకు ఊరు వెంటనే ఒప్పుకోలేదు. ఆమె కుండను పక్కన పెట్టుకుని, దాని మూతి మీద చెయ్యి వేసి, బడి వరండాలో మూడు రోజులు పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా కూర్చుంది. ఎవరైనా కుండ తీసుకోబోతే ఓటు వేసేదానికేనా అని అడిగేది. కాదంటే ఇచ్చేది కాదు. నాలుగో రోజు ఊరు దిగివచ్చింది. ఈసారి పేర్లు రాసుకున్నారు. లెక్క పెట్టింది పక్క ఊరి నుంచి వచ్చే బడి పంతులు. ఆమె అందరితోపాటు వరుసలో నిలబడి, తన పుల్ల వేసి, లెక్క అయ్యేదాకా అక్కడే ఉంది. ఐదు పుల్లలతో టౌను గెలిచింది. ఆ అర్జీ కూడా నేనే రాశాను. రాసేటప్పుడు ఆమె ఎదురుగా నిలబడి, సరిగ్గా రాయి అని ఒక్క మాట అంది.

నూరునాళ్ళ పని పోయింది. మా వీధి ఆడవాళ్ళు ఆమెతో మాట్లాడటం మానేశారు. బస్సులో ఆమె పక్క సీటు ఖాళీగా ఉండేది. చెల్లెలు అదే ఇంట్లో ఇంకో పొయ్యి పెట్టుకుంది. ఒకే గోడకు రెండు పొగలు. ఒకరి తిండి ఒకరు ముట్టేవాళ్ళు కాదు. కానీ చెల్లెలు పొద్దున్నే లేచి ఇద్దరి బిందెలూ నింపేది. అక్క ఇద్దరి వైపూ వాకిలి ఊడ్చేది. మాట మాత్రం లేదు. టీవీలో ఆ తండ్రీకొడుకులను చూసి వార్తల అమ్మాయికి వింతగా అనిపించి ఉండొచ్చు. నాకు వింత అనిపించలేదు.

ఆమె తల మాత్రం వంగలేదు. అదివరకటి లాగే రోడ్డు మధ్యన నిలబడి బస్సు ఆపేది. టౌనులో చేరిన రెండో నెలలోనే టౌను ఆఫీసుకు వెళ్ళి, చేరమన్నారు చేరినాం, కుళాయి ఎక్కడ, వీధి దీపం ఎక్కడ అని గుమ్మంలో కూర్చుంది. చేరాలని ఓటు వేసిన పెద్దమనుషులు ఒక్కరూ వెళ్ళలేదు. నీకెందుకు పెద్దమ్మా, నువ్వు వద్దన్నదే కదా అని దారిలో నేను అడిగితే, నేను ఓడిపోయినా, ఊరు ఓడలేదు కదరా బోడి పుల్లా అంది. దీపం వచ్చింది. మొదటి స్తంభం ఎరువుల కొట్టు ముందే వేశారు.

నన్ను ఆమె ఎన్నడూ ఆ మాట ఎత్తి అడగలేదు. మిఠాయి కూడా ఇవ్వలేదు, చిన్న ముక్క కూడా. దాని అర్థం నాకు తెలుసు. నా లెక్క ఇంకా తేలలేదని.

పోయినప్పుడు పెద్దగా బాధపడలేదట. మూడు రోజుల జ్వరం, అంతే. స్నానం చేయించి చీర మార్చేటప్పుడు చెల్లెలు పాత చీర కొంగు ముడి విప్పింది. అందులో వెలగని పుల్ల ఒకటి, మిఠాయి ముక్క ఒకటి ఉన్నాయి. అది పెద్ద ముక్క. చెల్లెలు దాన్ని చేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఇది నాకే పెట్టింది అని చెప్పి, అక్కడే, లోపలున్న ఆడవాళ్ళందరి ఎదుటా, ఏడుస్తూ నమిలింది. మేం బయట నిలబడి ఆ చప్పుడు విన్నాం.

ఇదీ ఆమె. ఇలాంటి మనిషిని మామ విరుదునగర్‌లో కూర్చుని ముసల్ది అంటున్నాడు, పుల్లలు దాచింది అంటున్నాడు. ఎంగిలి చేత్తోనే ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"మామా, ఆ పొద్దు ఆమె మొదటి బస్సుకు వచ్చింది నా కొట్టుకు. లెక్క తప్పని రాయమని అడిగింది. పొయ్యిలో వెయ్యమన్నది నేను. మిట్టాయి కొనేదానికి పోయినా అని చెప్పింది నన్ను కాపాడేదానికి. దొంగ అనాలంటే నన్ను అను."

ఆయన నన్నూ, తన మణికట్టునూ మార్చి మార్చి చూశాడు. ఇన్నాళ్ళూ ఏంటికి చెప్పలేదు అన్నాడు. భయం అన్నాను. అంతకంటే పెద్ద కారణం నా దగ్గర లేదు. ఆయన చెయ్యి విడిపించుకుని ఆకు మడిచాడు. ఊళ్ళో చెప్తావా అని అడిగాడు. బడి వరండాలో, ఆమెను నువ్వు అడిగిన చోటే చెప్తాను, నువ్వూ రావాలి అన్నాను. ఆయన లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడు. టీవీలో ఇంకేదో వార్త వస్తోంది.

బస్‌స్టాండులో ఒక కడలైమిట్టాయి చెక్క కొన్నాను. పళ్ళతో కొరికి ఒక చిన్న ముక్క చేసి ఆయన చేతిలో పెట్టాను. మా ఊరివాడు కదా, ఆయనకు వివరించనక్కర్లేదు. కాసేపు అరచేతిలో చూసుకుని నోట్లో వేసుకున్నాడు. ఇంకో చిన్న ముక్క కొరికి నేను తిన్నాను. మిగిలిన పెద్ద ముక్కను కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాను. మా వీధిలో ఆమె చెల్లెలు ఇంకా ఉంది. ముందు ఆమెకు చెప్పాలి.